సెన్సార్ ఎర్రగా వెలిగింది, బద్ద మాత్రం విరిగింది

పోయిన నెల విజయవాడ ఆటోనగర్‌లో మాకు రెండు రోడ్ల అవతల షెడ్డున్న ఫ్రెండొకడు ఫోన్ చేసి "బావా, రేకు కొట్టే ప్రెస్సుకి సెన్సార్ పెట్టించా, ఒకసారొచ్చి చూసిపో" అన్నాడు. కొత్త బండి కొన్నోడికి ఉండే సంబరం ఉంది గొంతులో. సరే అని మధ్యాహ్నం టీ టైమ్‌కి వెళ్ళా. వెళ్తే ఏముంది, అదే పాత సి ఫ్రేమ్ ప్రెస్సు, 50 టన్నుల బలంతో గుద్దేది, వాళ్ళ మావయ్య కాలం నాటిది. కాకపోతే పాత ఇనప పెడల్ తీసేసి కరెంటు ఫుట్ స్విచ్ పెట్టారు, డైకి, అంటే రేకుని కోసి వంచే అచ్చుకి, అటూ ఇటూ పసుపు రంగు కడ్డీలు రెండు నిలబెట్టారు, వాటి మీద చిన్న లైట్లు. ముప్పై వేల పైచిలుకు అయిందంట.

మావాడు ఆపరేటర్ని పక్కకి జరగమని, తన చెయ్యి కడ్డీల మధ్యలో పెట్టి కాలితో స్విచ్ తొక్కాడు. ఎర్ర లైటు వెలిగింది, ర్యామ్, అంటే పైనుంచి దిగి గుద్దే దిమ్మ, కదల్లా. "చూశావా, ఇంక వేళ్ళు పోవడమన్న మాటే లేదు" అన్నాడు. బానే ఉంది. అక్కడ గోడకి ఆనించి ఒక వెదురు బద్ద ఉంటే తీసుకుని, "ఇప్పుడు చెయ్యి తీసేసి తొక్కు" అన్నా. తొక్కాడు. ర్యామ్ కదిలిన క్షణంలో బద్ద లోపలికి తోశా. ఎర్ర లైటు ఠక్కున వెలిగింది, అందులో వంక పెట్టడానికేం లేదు. ర్యామ్ మాత్రం దాని మానాన అది కిందకొచ్చి, బద్దని పటుక్కున విరిచి, పైకెళ్ళి, ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది.

ఎవరూ ఏం మాట్లాడలా. ఆపరేటర్ కుర్రాడు విరిగిన ముక్క వంగి తీసుకుని చూసుకున్నాడు. మావాడు తేరుకుని "సెట్టింగ్ తేడా వచ్చుంటది, పెట్టినోణ్ణి పిలుస్తా" అన్నాడు.

సెట్టింగ్ తేడా కాదు బావా, ఆ ప్రెస్సుకి మధ్యలో ఆగడం రాదు అని చెప్పా, నమ్మినట్టు లేడు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా, కొంచెం పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ మిషన్ సంగతి తెలియనివాళ్ళ కోసం. లారీ బాడీ బందులు, వాషర్లు, ట్రంకు పెట్టె గొళ్ళాలు, కూలర్ బ్రాకెట్లు, ఇలా రేకుతో చేసేది ఏదైనా సరే ఎక్కడో ఒక ప్రెస్సు కింద నలిగి వచ్చిందే. పక్కన పెద్ద చక్రం, ఫ్లైవీల్, మోటారు వేసినంతసేపూ అది తిరుగుతూనే ఉంటది. దాని మధ్యలోంచి క్రాంక్ షాఫ్టు వెళ్తది కానీ మామూలుగా చక్రం తిరిగినా షాఫ్టు తిరగదు. పెడల్ తొక్కితే షాఫ్టు గాడిలో ఉన్న ఒక అరగుండ్రటి కీ స్ప్రింగ్ లాగడంతో పక్కకి తిరిగి చక్రం గాడిలో ఇరుక్కుంటది, అప్పుడు చక్రమూ షాఫ్టూ ఒకటే అయిపోతాయి, ర్యామ్ కిందకొచ్చి గుద్ది పైకెళ్ళేసరికి ఆ కీ తోక వెళ్ళి ఒక లాచ్‌కి, అంటే గడియకి, కొట్టుకుని గాడిలోంచి బయటికొస్తది, షాఫ్టు ఆగుతుంది. రోలింగ్ కీ క్లచ్ అంటే ఇదే. ఆటోనగర్‌లో చిన్న షెడ్లలో మీరు చూసే ప్రెస్సుల్లో చాలావరకు ఇవే.

అసలు సంగతల్లా ఏంటంటే, కీ ఒకసారి గాడిలో పడ్డాక రౌండు పూర్తయ్యేదాకా బయటికి రాదు. విజయవాడ గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కి మంగళగిరిలో దిగుతానంటే కండక్టర్ ఏమంటాడు? అదే ఇది కూడా. మోటారు ఆపేసినా లాభం లేదు, చక్రంలో ఉన్న ఊపు చాలు ఇంకా కొట్టడానికి. కాబట్టి సెన్సార్ ఎంత తొందరగా చూసినా, ఎంత ఖరీదైనదైనా, అది చూసింది ఎవరికి చెప్పాలి? వినేవాడు ఉండాలి కదా.

గాలితో నడిచే ఫ్రిక్షన్ క్లచ్ ప్రెస్సు వేరు. అందులో ప్లేట్లు ఒకదానికొకటి నొక్కుకుని పట్టుకుంటాయి, గాలి తీసేస్తే స్ప్రింగులు బ్రేకు వేసేస్తాయి, ర్యామ్ ఎక్కడుంటే అక్కడే ఆగుతుంది, కంప్రెసర్ పాడైనా పైపు ఊడినా కూడా ఆగడమే జరుగుతుంది. దానికి సెన్సార్ పెడితే అర్థం ఉంది. అప్పుడు కూడా కడ్డీలు డైకి ఎంత దూరంలో ఉండాలో లెక్కుంది, బ్రేకు పట్టడానికి పట్టే టైముని చెయ్యి వేగంతో గుణించాలి. చెయ్యి వేగం సెకనుకి 63 అంగుళాలు, అంటే 1.6 మీటర్లు, అని అమెరికావాళ్ళు రూల్లో రాసిపెట్టారు. ప్రెస్సుల మీద వాళ్ళకి 1971 నుంచి విడిగా ఒక రూలే ఉంది, అందులో ఫుల్ రౌండ్ క్లచ్ ప్రెస్సుకి, అంటే మన రోలింగ్ కీ లాంటిదానికి, ఈ లైటు సెన్సార్లు వాడకూడదని తిన్నగా చెప్పారు. యాభై ఏళ్ళ కిందట తేలిపోయిన విషయం మన దగ్గర ఇప్పుడు ముప్పై వేలకి అమ్ముతున్నారు.

సరే, సెన్సార్ కాదు, రెండు చేతుల బటన్లు పెడదాం, రెండూ బటన్ల మీద ఉంటేనే స్ట్రోకు పడుద్ది అంటారు కొందరు. రోలింగ్ కీ ప్రెస్సుకి ఆ లెక్క కూడా వేసి చూశా. ప్రెస్సు నిమిషానికి 60 స్ట్రోకులది, కీ పడడానికి చక్రంలో ఒక్కటే గాడి ఉందనుకుందాం. మనం బటన్ నొక్కే టైమ్‌కి ఆ గాడి అప్పుడే దాటిపోయి ఉంటే మళ్ళీ తిరిగొచ్చేదాకా దాదాపు ఒక రౌండు ఆగాలి, తర్వాత ర్యామ్ కిందకి దిగడానికి ఇంకో అర రౌండు. మొత్తం ఒకటిన్నర సెకను. ఆలోపు బటన్ వదిలేసిన చెయ్యి 2.4 మీటర్లు వెళ్ళగలదు. అంటే బటన్లు డైకి 2.4 మీటర్ల అవతల పెట్టాలి, మా షెడ్డులో అయితే అది రోడ్డు మీద టీ బండి పక్కన. అక్కణ్ణుంచి నొక్కి వచ్చి రేకు పెట్టి మళ్ళీ వెళ్ళి నొక్కాలన్నమాట.

ఇదంతా నాకు ఎందుకింత పట్టింపు అంటే మా నాన్న ఎడమ చెయ్యి. చూపుడు వేలూ మధ్య వేలూ లేవు. నేను ఆరో తరగతిలో ఉండగా పోయాయి, అప్పట్లో ఆయన ఆటోనగర్‌లోనే వేరే వాళ్ళ షెడ్డులో ప్రెస్సు ఆపరేటరు. వాషర్లు కొడుతున్నారు. అన్నం ముద్ద కుడి చేత్తోనే కదా, పర్లేదురా అని నవ్వేవారు మాతో. ఎవరడిగినా ఒకటే మాట, "నాదే తప్పు, టైముకి చెయ్యి తియ్యలా." ముప్పై ఏళ్ళు అదే విన్నా, నమ్మా కూడా. ప్రెస్సు దగ్గర జాగ్రత్తగా లేకపోతే అంతే మరి అని నేనే మా కుర్రాళ్ళకి నాన్న చెయ్యి చూపించి చెప్పేవాణ్ణి. తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తది.

నాన్నతో పనిచేసిన ఒక పాత ఫిట్టరు, బాబాయ్ అంటాం, ఆరేడేళ్ళ కిందట ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర కూర్చుని మాటల్లో మాటగా చెప్పాడు. ఆ రోజు సాయంత్రం క్లచ్ విప్పి చూస్తే లాచ్ స్ప్రింగ్ రెండు ముక్కలై ఉందంట. అంటే నాన్న పెడల్ మీంచి కాలు తీసేశారు, ర్యామ్ పైకెళ్ళింది, వాషర్ తియ్యడానికి చెయ్యి పెట్టారు, కానీ లాచ్ వెనక్కి రాకపోవడంతో కీ గాడిలోంచి బయటికి రాలేదు, ర్యామ్ ఆగకుండా రెండోసారి దిగింది. మా భాషలో డబుల్ కొట్టడం అంటాం. స్ప్రింగ్ మార్చి మర్నాడు పొద్దున్నే ప్రెస్సు మళ్ళీ నడిపారు. దాని మీద ఇంకొకళ్ళు కూర్చున్నారు.

ఇంటికొచ్చి నాన్నని అడిగా, నీకు తెలుసా అని. "తెలుసు" అన్నారు. మరి నీ తప్పేంటి నాన్నా అంటే, "స్ప్రింగ్ విరుగుద్దేమోనని నేను చూసుకోవాలిగా" అన్నారు. ఆ మాటకి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు.

పరిహారం సంగతి కూడా చెప్పేస్తా. 1923 నాటి పరిహారం చట్టం చివర్లో ఒక పట్టిక ఉండేది, ఏ వేలు పోతే సంపాదించే శక్తి ఎంత శాతం పోయినట్టో అందులో రాసి ఉండేది. బొటనవేలు 30, చూపుడు వేలు మొత్తం పోతే 14, మధ్య వేలు 12, ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7. ఒకే చేతికి రెండు వేళ్ళు పోతే 20. పద్నాలుగూ పన్నెండూ ఇరవయ్యారు కదా అని నన్నడక్కండి, పట్టికలో అలాగే ఉంది. నాన్నకి ఆ ఇరవై కూడా రాలా, ఆస్పత్రి ఖర్చూ ఒక నెల జీతమూ ఇచ్చి పంపించారు, తప్పు నాదేనన్నవాడికి అదే ఎక్కువనుకుని ఉంటారు.

అందుకే కేర్‌లెస్ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుద్ది. ఒక ఆపరేటర్ రోజుకి మూడు వేల ముక్కలు కొడతాడనుకోండి, ఇది పెద్ద లెక్కేం కాదు. ఏడాదికి మూడొందల రోజులు. తొమ్మిది లక్షల సార్లు చెయ్యి లోపల పెట్టి తియ్యాలి. రోహిణి కార్తె ఎండలో, రేకుల షెడ్డు కింద, చేతికి నూనె, కంట్లో చెమట, పక్కన గ్రైండర్ మోత, ఇంట్లో పిల్లకి జ్వరం, వీటన్నిటి మధ్యలో తొమ్మిది లక్షల సార్లూ కరెక్టుగా తియ్యాలి, ఒక్కసారి తప్పితే కేర్‌లెస్. నేను రోజూ బెంజ్ సర్కిల్ దాటి వస్తా, హెల్మెట్ మర్చిపోయి ఎన్నిసార్లు వెనక్కెళ్ళానో నాకే లెక్కలేదు. మనిషి బుర్ర అంత. దాని మీద భారం వేసి కూర్చుంటే ఎలా?

ఫోన్లు చూసుకుంటూ పనిచేస్తారండీ ఇప్పటి కుర్రాళ్ళు అంటారు ఓనర్లు. చూస్తారు, నిజమే, నేనూ తిట్టా. కానీ నాన్న టైములో ఫోన్లెక్కడివి.

ఇంతా చెప్తున్న నేను శుద్ధపూసనేం కాదు. నాలుగేళ్ళ కిందట సెకండ్‌హ్యాండ్‌లో ఒక గాలి క్లచ్ ప్రెస్సు కొన్నాం, రెండు చేతుల బటన్లు ఉన్నది. ఒకరోజు చూస్తే ఎడమ వైపు బటన్‌కి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించేసి ఉంది, ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో రేకు సర్దుతున్నాడు మా ఆపరేటరు. దసరా ముందు రోజులు, ఆర్డరు పీకల మీద ఉంది. చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయా. పదకొండు రోజులు అలాగే నడిచింది. ఏం జరగలేదు, జరిగుంటే ఇలా కూర్చుని రాసేవాణ్ణి కాదు.

వాడి మీద అరిచే ముందు ఆలోచిస్తే రెండు విషయాలు బోధపడ్డాయి. ఒకటి, ప్యానెల్లో ఎవరో మెకానిక్కు రెండు బటన్లనీ ఊరికే వరసగా కలిపేశాడు, అందుకే ఒకటి కట్టేసినా పనిచేస్తోంది. సరైన రిలే అయితే రెండూ అర సెకను లోపే నొక్కాలి, ప్రతి స్ట్రోకుకీ రెండూ వదిలి మళ్ళీ నొక్కాలి, అప్పుడు ట్యూబు చుట్టినా రాయి పెట్టినా స్ట్రోకు పడదు. రెండోది, వాడికి నేను ఇచ్చేది ముక్కకింత అని. బటన్ కట్టేస్తే గంటకి ఎక్కువ ముక్కలు పడతాయి, ఎక్కువ డబ్బులొస్తాయి. అంటే ఆ ట్యూబు ముక్క చుట్టింది వాడే అయినా చుట్టించింది నా రేటు. రిలే మార్పించా, ముక్క రేటు తీసేసి రోజు కూలీ చేశా. మొదటి నెల ప్రొడక్షన్ పడిపోయింది, అబద్ధం చెప్పను, గట్టిగానే పడింది. ఇంకోటి, రెండు చేతుల బటన్లు కాపాడేది నొక్కేవాడి చేతుల్నే. పక్కన ముక్కలు ఏరే హెల్పర్ చెయ్యి పెడితే వాణ్ణి కాపాడేదేం లేదు, అది చాలామందికి తట్టదు.

అన్నట్టు ఆ దసరాకి కూడా ఆయుధపూజ ఘనంగానే చేశాం. ప్రెస్సుకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండేసి, గుమ్మడికాయ కొట్టి, ర్యామ్ కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాం. ఆ ప్రెస్సుతో వచ్చిన జాలీ గార్డు, చెయ్యి లోపలికి పోకుండా పెట్టే అడ్డు, మాత్రం స్క్రాప్ గుట్ట మీద పడుంది, దానికి బొట్టు పెట్టాలని ఎవరికీ తోచలా.

మరి రోలింగ్ కీ ప్రెస్సుల్ని ఏం చెయ్యాలి? తీసేసి అందరూ గాలి క్లచ్‌వి కొనండి అంటే ఈ రోడ్డులో సగం షెడ్లు మూసుకోవాలి, నాది కూడా. నేను చెప్పేది ఒకటే, ఆగలేని మిషన్‌ని ఆపాలని చూడొద్దు, చెయ్యి లోపలికి వెళ్ళే పని లేకుండా చెయ్యండి. మేం వాషర్ డైకి చుట్టూ గట్టి జాలీతో పెట్టె కట్టేశాం, బోల్టులేసి బిగించాం, పాన లేకుండా ఊడదు. ఇటు నుంచి రేకు పట్టీ వెళ్ళడానికి ఒక సందు, అటు నుంచి తుక్కు రావడానికి ఇంకోటి, రెండూ పావంగుళం మించవు, అంటే 6 మిల్లీమీటర్లు, వేలు దూరదు. వాషర్లు డై కిందనుంచే డబ్బాలో పడతాయి. ఇప్పుడు లాచ్ స్ప్రింగ్ విరగనీ, డబుల్ కొట్టనీ, పది సార్లు కొట్టనీ, లోపల చెయ్యే లేదు. దీనికి అయిన ఖర్చు షెడ్డులో పడున్న యాంగిల్ ముక్కలు, కొంచెం జాలీ, ఒకరోజు వెల్డింగ్. ఆశ్చర్యం ఏంటంటే భయం లేకపోవడంతో పట్టీ తోసే స్పీడు పెరిగింది, మూడో నెలకి ముక్కలు పాత లెక్క దాటాయి.

అన్ని పనులకీ ఇలా కుదరదు, అది కూడా చెప్పాలి. బెండింగ్ పనుల్లో ముక్క ఒక్కోటీ చేత్తో పెట్టాల్సిందే. వాటికి కొన్నింటికి జారుడు ప్లేటు చేశాం, ముక్కని బయటే పెట్టి లోపలికి తోస్తే డై మీదకి వెళ్ళి కూర్చుంటుంది. కొన్నింటికి అయస్కాంతం ఉన్న పుల్ల, ఇంకొన్నింటికి అల్యూమినియం పట్టుకారు. అల్యూమినియమే ఎందుకంటే పొరపాటున కింద పడి నలిగినా డై పాడవదు, ఇనపదైతే డై పోతుందని భయపడి ఆపరేటర్లు దాన్ని పక్కన పెట్టేసి మళ్ళీ వేళ్ళే వాడతారు. డై ఖరీదు వాళ్ళకి అంత బాగా తెలుసు మరి. రెండు ఐటెమ్స్‌కి ఏదీ కుదరకపోతే వాటిని గాలి ప్రెస్సు మీదకి మార్చేశాం, ఒకటి అసలు వదిలేసుకున్నాం. పట్టుకారు ఒక్కటీ చేతికిచ్చి నీ చావు నువ్వు చావు అంటే మాత్రం అది గార్డు కాదు, వాడు విసుగొచ్చిన రోజు మానేస్తాడు.

స్ప్రింగులూ కీలూ విరిగేదాకా ఆగకూడదు. నెలకోసారి క్లచ్ చూడాలి, కీ అంచు అరిగి గుండ్రంగా అయిందంటే మార్చెయ్యాలి, బ్రేకు పట్టీ మీద నూనె చుక్క పడనివ్వకూడదు, పడితే ర్యామ్ పైన ఆగాల్సిన చోట ఆగక జారుతుంది. డై మార్చేటప్పుడు మోటారు ఆపితే చాలదు, చక్రం పూర్తిగా నిలబడ్డాకే చెయ్యి పెట్టాలి, ర్యామ్ కింద దిమ్మ పెట్టాలి. ఇవన్నీ ప్రతి ఫిట్టరుకీ తెలుసు.

అమెరికాలో కూడా మొదట 1971 రూల్లో ఏకంగా డైలోకి చెయ్యి పెట్టే పనే ఉండకూడదు అని రాశారు. ఇండస్ట్రీవాళ్ళు అది అయ్యే పని కాదని గోల చేస్తే 1974లో ఆ మాట తీసేసి, గార్డో ఇంకో రక్షణో ఉంటే చాలన్నారు. ఇది చదివాక మనవాళ్ళ మీద కోపం కొంచెం తగ్గింది నాకు, అంత పెద్ద కంపెనీలు కూడా అవ్వదనే అన్నాయన్నమాట. కానీ పావంగుళం సందుతో అయ్యే పనులు బోలెడుంటే అన్నింటినీ కలిపి అవ్వదనెయ్యడం నాకు నచ్చలా.

మన చట్టం ఏమంటుందంటారా. మిషన్లో ప్రమాదకరమైన ప్రతి భాగానికీ గట్టి కంచె ఉండాలని, మిషన్ తిరుగుతున్నంతసేపూ అది అక్కడే ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పేది. చాలా మంచి సెక్షను. కానీ ఆ చట్టంలో ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే కరెంటు వాడేచోట కనీసం పదిమంది పనిచేయాల్సొచ్చేది. 2020లో పార్లమెంటు పాస్ చేసిన కొత్త కార్మిక కోడ్ 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకొచ్చింది, అందులో ఆ పది కాస్తా ఇరవై అయింది. మా రోడ్డులో ఒక్కో షెడ్డులో ఉండేది నలుగురు, ఐదుగురు, మహా అయితే ఏడుగురు. మరి వేళ్ళు పోయేది ఎక్కడ? పెద్ద ఫ్యాక్టరీ తన పాత ప్రెస్సులు అమ్మేస్తే అవి వచ్చి చేరేది ఎక్కడ? మనుషుల్ని లెక్కపెట్టి కాదు, షెడ్డులో పవర్ ప్రెస్సు ఒక్కటున్నా చాలు చట్టం వర్తించాలి అనేది నా వాదన. ఇన్‌స్పెక్టర్లొస్తే మామూళ్ళు తప్ప ఏముంది అంటారని తెలుసు. అయినా సరే.

ఫ్రెండు సంగతి చెప్పలేదు కదా. ఆ బద్ద విరిగిన వారానికి ఫోన్ చేశా, జాలీ కొలతలు పంపిస్తా, మా వెల్డర్ని కూడా పంపిస్తా అని. "అక్కర్లేదు బావా, ఆ ప్రెస్సు అమ్మేశా" అన్నాడు. ఎవరికి అంటే గుంటూరు ఆటోనగర్‌లో ఎవరో కొత్తగా షెడ్డు పెట్టుకున్న కుర్రాడంట. రేటు ఎంతొచ్చిందని అడిగా. "నేననుకున్న దానికన్నా పదిహేను వేలు ఎక్కువే వచ్చింది, సెన్సార్ ఉంది కదా" అన్నాడు. ఆ కుర్రాడి నంబరు ఇవ్వమన్నా. "ఎందుకులే బావా, బేరం అయిపోయింది" అని పెట్టేశాడు.

నాన్న పక్కనే కూర్చుని పేపర్ చదువుతున్నారు, ఎవరు అన్నారు. చెప్పా. పేపర్ మడిచి పక్కన పెట్టి, "గుంటూరు ఆటోనగర్ ఎంతుంటదిరా, రేపు ఆదివారమేగా, బండి తియ్యి, వెతుకుదాం" అన్నారు.